తెర నల్లబడినప్పుడు

పోయిన సెమిస్టర్‌లో ఒకరోజు అసైన్‌మెంట్ కోసం అవ్వ చెప్పే సామెతలు టైప్ చేస్తున్నాను. లాప్‌టాప్‌లో సన్నగా పాట మోగుతోంది. ముప్పై సామెతల దాకా అయ్యాయి. ఉన్నట్టుండి తెరంతా నల్లబడింది. భయంతో పవర్ బటన్ నొక్కి పట్టుకున్నా. అప్పుడు గానీ పాట ఆగలేదు. మళ్ళీ ఆన్ చేస్తే ఫైల్‌లో మొదటి నాలుగే ఉన్నాయి.

"ఇంకోసారి చెప్పవ్వా" అంటే చెప్పింది. కానీ సగం వేరేవి వచ్చాయి. "ఇందాక ఏం చెప్పానో నాకేం గుర్తుంటుందే?" అంది.

వారం తర్వాత మళ్ళీ అలాగే అయింది. ఈసారి నాన్న "పొరుమ్మా, పొరు" అని తమిళంలో అంటూ నా చెయ్యి పట్టుకున్నారు. తెర నల్లగానే ఉంది, పాట మాత్రం మోగుతూనే ఉంది. కాసేపటికి తెర తిరిగొచ్చింది. రాసిందంతా అలాగే ఉంది! డిస్‌ప్లే డ్రైవర్ ఆగిపోయి మళ్ళీ కోలుకుందని మూలన చిన్న సందేశం.

అదెలాగో తెలుసుకుందామని చదివాను. తెర మీద బొమ్మ గీసే పని గ్రాఫిక్స్ చిప్‌ది. దాన్ని నడిపేది డ్రైవర్. అవి ఇరుక్కుపోతే వాటంతట అవి లేవలేవు. మనం టైప్ చేసే సాఫ్ట్‌వేర్‌కి వాటిని లేపే అధికారం లేదు. అందరికీ తెరను పంచిపెట్టేది ఆపరేటింగ్ సిస్టమ్ కాబట్టి, దాన్ని తిరిగి తెచ్చే బాధ్యతా దానిదే. విండోస్‌లో ఈ ఏర్పాటు 2007లో జనానికి అందిన విస్టాతో వచ్చింది. అంతకుముందు ఇలా ఇరుక్కుంటే చాలాసార్లు కంప్యూటర్‌నే రీస్టార్ట్ చేయాల్సి వచ్చేది. ఇప్పుడు చిప్ మామూలుగా 2 సెకన్లలో జవాబివ్వకపోతే సిస్టమ్ దాన్ని రీసెట్ చేసి, డ్రైవర్‌ని మళ్ళీ మొదలుపెడుతుంది. 60 సెకన్లలో 5 సార్లకు మించి ఇలా జరిగితే మాత్రం ఇక లాభం లేదని ఎర్రర్ తెర చూపించి ఆగిపోతుంది.

విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి మీటలు నాలుగూ కలిపి నొక్కితే డ్రైవర్‌ని మళ్ళీ మొదలుపెట్టమని మనమే అడగొచ్చట. ఆ రోజు ఇది తెలిసుంటే!

అంటే తెర పోయినంత మాత్రాన రాసింది పోలేదు. పాట మోగుతోందంటే లోపల సిస్టమ్ ఇంకా నడుస్తున్నట్టే. నేనది వినిపించుకోలేదు. నా సామెతల్ని తుడిచేసింది చాలావరకు నా తొందరే.

అయితే సిస్టమ్ బాధ్యత తెర తిరిగి తేవడం వరకే. ఫైల్ సేవ్ చేయడం నా బాధ్యత. అవ్వ ఒక్కో సామెత చెప్పగానే ఇప్పుడు కంట్రోల్ ఎస్ నొక్కుతున్నా. తెర నల్లబడితే ముందు చెవి పెట్టి పాట వింటున్నా.

పోయినవాటిలో కొన్ని అవ్వకు అప్పుడప్పుడూ గుర్తొస్తున్నాయి, వంట చేస్తుంటేనో, ఎవరినైనా తిడుతుంటేనో. వాటికోసం వంటింట్లో ఒక నోట్‌బుక్ పెట్టాను. ఇప్పటికి పదకొండు దొరికాయి.