తొలి రెండు నిమిషాలు

కథ చెప్పేవాడు నోరు విప్పగానే వినేవాని వద్ద అప్పు చేస్తాడు. నీ కాలం వ్యర్థం కానివ్వనని మాట ఇచ్చి, ఆ పూచీ మీద వాని చెవిని అరువు తీసికొంటాడు. భయం గొలిపే కథ చెప్పేవాని అప్పు ఇంకా పెద్దది. అప్పటికి ఏమీ జరుగలేదు. ఎవరు సాధువో, ఎవరు దుష్టుడో తెలియదు. అయినా శ్రోత గుండె దడదడలాడాలి. కారణం చూపకముందే భయం కలగాలి. మరి ఆ భయం ఎక్కడినుంచి వస్తుంది? సహృదయుని మనస్సులో స్థాయిభావాలు వాసనారూపాన అదివరకే నెలకొని ఉంటాయనీ, కావ్యం వాటిని మేల్కొలుపుతుందనీ అభినవగుప్తుడు చెప్పాడు. ముప్ఫై ఏళ్లకు పైగా నేను ఈ మాటను తరగతి గదిలో చెబుతూ వచ్చాను. శృంగారానికీ కరుణకూ ఉదాహరణలు ఇచ్చేటప్పుడు అది వినడానికి హాయిగా ఉంటుంది. భయానకానికి అన్వయించి చూస్తే అంత హాయిగా ఉండదు. మన లోపల ముందే నిలువ ఉన్న భయాలు ఎవరిని గురించినవి? అవి అక్కడికి ఎలా చేరాయి? ఇరవై ఏళ్లు నిండీ నిండని కొందరు విద్యార్థుల నోటుపుస్తకాలు చదువుతున్నప్పుడు ఈ ప్రశ్నలు నన్ను పట్టుకొన్నాయి.

కోల్‌కతాలో నేను సంస్కృతం బోధించిన కళాశాలలో ఇప్పుడు సినిమా, పత్రికారచన నేర్పే శాఖ ఒకటి ఉన్నది. అక్కడి అధ్యాపకురాలు ఒకప్పుడు నా విద్యార్థిని. ఇంగ్లండులో పాఠశాల చివరి తరగతులవారికి 2008 తరువాత కొన్నేళ్లపాటు ఒక అభ్యాసం ఉండేది. విద్యార్థులు ఒక కొత్త కథాచిత్రానికి ప్రారంభం తీయాలి. పేర్లతో కలిపి అది రెండు నిమిషాలకు మించకూడదు. పిమ్మట తాము చేసిన దానిని గురించి ఏడు ప్రశ్నలకు జవాబులు చెప్పాలి. ఆమె ఈ అభ్యాసాన్ని తన తరగతికి తెచ్చుకొని, ఆ ప్రారంభం థ్రిల్లరుదై ఉండాలని ఒక నియమం చేర్చింది. జవాబులు చదివి పెట్టమని నన్ను అడిగింది. కెమెరా ఏ పక్కనుంచి చూడాలో తెలియని ముసలివాణ్ణి నేనెందుకమ్మా అన్నాను. "మాస్టరుమశాయ్, చదివేవారికి సినిమా బాగా తెలిస్తే వీళ్లు పుస్తకాల్లోని మాటలు అప్పగిస్తారు. మీకైతే అన్నీ విప్పి చెప్పక తప్పదు" అన్నది.

నిజంగానే వారు అన్నీ విప్పి చెప్పారు. అసలు చిత్రానికి ముందు చేయి తిరగడానికి ఒక చిన్న కసరత్తు ఉన్నది. ఒక మనిషి తలుపు తెరచి, గది దాటి, మరొకరికి ఎదురుగా కుర్చీలో కూర్చొని, రెండు మాటలు మాట్లాడాలి. అంతే. దీనికి ఒక బృందానికి పూర్తిగా ఒక మధ్యాహ్నం పట్టింది. బయటినుంచి తీసిన షాటులో గడియ మీద కుడిచేయి ఉన్నది. లోపలినుంచి తీసిన షాటులో ఎడమచేయి వచ్చింది. మాట్లాడే ఇద్దరి నడుమ కంటికి కనబడని గీత ఒకటి ఉంటుందట. కెమెరా ఆ గీతకు ఒకే వైపున ఉండాలి. దాటితే ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ తెరమీద ఒకే దిక్కుకు చూస్తున్నట్లు కనిపిస్తారు. "పుట్టినప్పటినుంచి తలుపులు తీస్తున్నాను. తలుపు తీయడంలో ఇన్ని పనులున్నాయని ఈ రోజే తెలిసింది" అని ఒక పిల్లవాడు వ్రాశాడు. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన రెండు నిమిషాలకు 2,880 ఫ్రేములని మరొకడు లెక్కకట్టి, ఇందులో ఒక్కటీ ఊరికే పోరాదన్నాడు. కావ్యంలో వ్యర్థపదం ఉండరాదని మేము చెప్పే పాఠం వీరికి లెక్కల రూపంలో అందింది.

తరగతిలో వారికి కొన్ని చిత్రాల ప్రారంభాలు చూపించారు. 1958లో ఆర్సన్ వెల్స్ తీసిన 'టచ్ ఆఫ్ ఈవిల్' ఒక చేతితో మొదలవుతుంది. ఆ చేయి బాంబుకు వేళ నిర్ణయించి కారు వెనుక అరలో పెడుతుంది. ఆ తరువాత మూడు నిమిషాలకు పైగా కెమెరా ఎక్కడా తెగకుండా ఆ కారు వెంటనే సరిహద్దు పట్టణపు వీధులలో తిరుగుతుంది. బాంబు సంగతి ప్రేక్షకునికి తెలిస్తే ఉత్కంఠ, తెలియకపోతే క్షణకాలపు ఉలికిపాటు మాత్రమే అని హిచ్‌కాక్ చూపిన భేదం దీనితో వారికి బోధపడింది. ఫ్రిట్జ్ లాంగ్ 1931లో తీసిన 'ఎం' వారిని ఎక్కువ కదిలించింది. బడినుంచి రావలసిన పాప కోసం తల్లి భోజనం సిద్ధం చేసి ఎదురు చూస్తుంది. ఎవరూ లేని మెట్లు, ఖాళీ కంచం, పొదల నుంచి దొర్లివచ్చిన బంతి, తీగలకు చిక్కుకొన్న బుడగ కనిపిస్తాయి. హత్య తెరమీద కనిపించదు. తమ ఊరిలోనే తీసిన 'కహానీ' (2012) సంగతి వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. అందులో కిరాయి హంతకుడు చూడడానికి అతి సామాన్యుడైన బీమా ఏజెంటు.

శబ్దాన్ని గురించి వారు నేర్చిన పాఠం నాకు అన్నిటికంటె నచ్చింది. ఒక బృందం ఉత్తర కోల్‌కతాలోని ఒక పాత ఇంట్లో చిత్రీకరణకు పూనుకొన్నది. అడుగుల చప్పుడు ఎన్నిసార్లు పట్టినా అందులో భయం పలుకలేదు. ఇంతలో కరెంటు పోయింది. సీలింగు ఫ్యాను మెల్లగా తిరిగి తిరిగి ఆగింది. అంతసేపూ అది తిరుగుతున్నదని ఎవరికీ తోచలేదు. ఆగాక అందరూ ఒకేసారి తల పైకెత్తారు. "చప్పుడు ఆగిపోవడం కూడా ఒక చప్పుడే" అని శబ్దగ్రహణం చూసిన అమ్మాయి వ్రాసుకొన్నది.

ఆ బృందంవారి చిత్రం ఇది. శీతకాలపు సాయంకాలం ట్యూషను ముగించుకొని ఒక అమ్మాయి ఇరుకు సందులో ఇంటికి వస్తూ ఉంటుంది. గేటు వద్ద నీడలో ఒక మనిషి. మంకీ క్యాపు, శాలువ, చేతిలో కర్ర. అతడు ఆమె వైపు ఒక అడుగు వేస్తాడు. ఆమె పరుగెత్తి మెట్లెక్కుతుంది. వెనుక అడుగుల చప్పుడు. మెట్ల కమ్మీ మీద ఒక ముదురు చేయి. తెర చీకటి అవుతుంది. చిత్రం పేరు వస్తుంది. ఆ మనిషిగా నటించినవాడు మా కళాశాల దర్వాను. చిన్నప్పుడే బీహారునుంచి వచ్చి, జీవితంలో సగానికి పైగా మా గేటు వద్దనే గడిపాడు. నటించమని పిల్లలు అడిగితే ఎంతో సంతోషించి, తన శాలువే కప్పుకొని వచ్చాడు.

చిత్రాలన్నీ ప్రదర్శించిన రోజున అతనిని కూడా పిలిచారు. కుర్చీ వేసినా కూర్చోక తలుపు వద్ద నిలబడే చూశాడు. చప్పట్లు మ్రోగాయి. వెలుగు వచ్చిన తరువాత దర్శకత్వం వహించిన అమ్మాయిని అడిగాడు: "దీదీ, నేనేం చేశానని ఆ పిల్ల అలా పరుగెత్తింది?"

"అది కథ కదా, కాకా! మీరు మంచివారో చెడ్డవారో ముందు ముందు తెలుస్తుంది" అన్నదామె నవ్వుతూ.

"ముందుది తీయలేదు కదా" అన్నాడతడు.

అతని గొంతులో నిష్ఠురం లేదు. ఉన్న సంగతి చెప్పి గేటు వద్దకు వెళ్లిపోయాడు.

పూర్తి చిత్రమైతే అతడు నిర్దోషి అని గంట తరువాత చూపవచ్చు. ప్రేక్షకుని అనుమానమే తప్పని అతనికి బుద్ధి చెప్పవచ్చు. ఉత్కంఠ కథలో అది అంగీకృతమైన ఆటే. కాని రెండు నిమిషాలే ఉన్న చిత్రంలో విముక్తి రాదు. అనుమానం ఒక్కటే శాశ్వతంగా మిగిలిపోతుంది.

ఏడు ప్రశ్నలలో రెండవది ఇది: మీ చిత్రం సామాజిక వర్గాలను ఎలా చూపుతున్నది? ప్రదర్శనకు ముందు ఆ అమ్మాయి దీనికి ఒక్క వాక్యం వ్రాసింది. తమ చిత్రంలో ఏ వర్గాన్నీ ప్రత్యేకంగా చూపలేదట. ప్రదర్శన తరువాత దానిని కొట్టివేసి నాలుగు పుటలు వ్రాసింది. బొమ్మలతో వేసుకొన్న తొలి ప్రణాళికలో ఆ పాత్రకు పేరు లేదు. "భయం గొలిపే మనిషి" అని మాత్రమే ఉన్నది. ఎవరిని పెడదామని ప్రశ్న వచ్చినప్పుడు ముగ్గురూ ఒక్కసారే దర్వాను పేరు చెప్పారు. చర్చ జరగలేదు. "మా నాన్నగారికీ మంకీ క్యాపు ఉంది. చలికాలం ఉదయం పాలకు వెళ్లేటప్పుడు పెట్టుకొంటారు. ఆయనను చూసి ఎవరూ పరుగెత్తరు. ఆయనను అడుగుదామని మాకెవరికీ తోచలేదు" అని వ్రాసింది.

ఛాయాగ్రహణం చేసిన అబ్బాయి దీనికి ఒప్పుకోలేదు. రెండు నిమిషాలలో భయం పుట్టించాలంటే గుర్తులు తొందరగా పట్టుబడాలి, లోకం చదువగలిగిన లిపిలోనే వ్రాయాలి, లిపిని సంస్కరించడం మా పని కాదు అన్నాడు. పరుగెత్తే అమ్మాయిగా నటించిన విద్యార్థిని మరొక మాట అన్నది. చీకటి సందులో ఒంటరిగా నడిచే ఆడపిల్ల భయపడడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఎదుటివాడు సజ్జనుడా కాదా అని విచారించి పరుగెత్తే తీరిక ఆమెకు ఉండదు. నేను ఈ వాక్యం వద్ద చాలాసేపు ఆగిపోయాను. అది నిజం. దర్వాను ప్రశ్న ఎంత నిజమో అదీ అంతే నిజం. అయితే ఆమె జవాబు అక్కడ ముగియలేదు. తాను ట్యూషనునుంచి వచ్చేటప్పుడు నిజంగా భయపడిన రోజులు రెండున్నాయనీ, ఆ రెండు రోజులూ వెంటబడినవారు మంచి బట్టలు కట్టి మోటారుసైకిళ్ల మీద వచ్చిన కుర్రవాళ్లనీ, వారి పేర్లు కూడా తనకు తెలుసుననీ వ్రాసింది. భయం ఆమె సొంతం. దానికి తొడిగిన ముఖం మాత్రం ఎరువు తెచ్చినది.

తరువాతి వారం నన్ను తరగతికి పిలిచారు. నేను వారికి మృచ్ఛకటికపు మొదటి అంకం చెప్పాను. ఉజ్జయినిలో చీకటి వీధి. వసంతసేన పరుగెత్తుతూ ఉంటుంది. వెంట తరుముతున్నవాడు శకారుడు. చీకటిలో ఆమె కనబడదు గాని, పూలదండ వాసన, అందెల చప్పుడు ఆమెను పట్టిస్తాయి. ఆ సంగతి గ్రహించి ఆమె దండ తీసివేస్తుంది, అందెలు విప్పుకొంటుంది. పక్కవాకిలి తెరుచుకోగానే చీరచెంగుతో దీపం ఆర్పి లోపల దూరుతుంది. శబ్దం విన్న అమ్మాయి "మాస్టరుమశాయ్, అందెలు తీసివేయడం మా ఫ్యాను ఆగిపోవడం వంటిదే కదా!" అన్నది. అవునన్నాను. మరి తరిమేవాడెవరని అడిగాను. రాజుగారి బావమరిది. శూద్రకుడు భయానికి అధికారం ముఖం ఇచ్చాడు. దారిద్ర్యం మీద అనుమానం ఎంత సులభంగా వాలుతుందో కూడా అతనికి తెలుసు. వసంతసేన గొంతు నులిమినవాడు శకారుడు. నేరం మోపబడి వధ్యస్థానానికి నడిచినవాడు బీదవాడైన చారుదత్తుడు. న్యాయాధికారి మంచివాడే. అయినా ప్రారంభం ఎవరు చెప్పారో వారి కథే సభలో నిలిచింది.

మార్కులు వేయడం అప్పటికే ముగిసినా ఆ బృందం తమ ప్రారంభాన్ని మళ్లీ తీసింది. దర్వాను మళ్లీ నటించడానికి ఒప్పుకొన్నాడు గాని, ఈసారి తనను గేటు తీయనివ్వమన్నాడు. కొత్త చిత్రంలో అతడు గేటు తీసి, ఈ రోజు ఆలస్యమైందేమని అడుగుతాడు. అమ్మాయి మెట్లెక్కి తమ వాటా ముందు నిలుస్తుంది. తలుపుకు తాను వేసిన తాళం వేసినట్లే ఉన్నది. సంచిలో తాళంచెవి కోసం వెదుకుతుంది. లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తుంది. ఆమె చేయి ఆగుతుంది. తరువాత ఫ్యాను ఆగుతుంది. పేరు పడుతుంది.

మొదటి చిత్రంలోనే భయం వెంటనే పుట్టిందని ఛాయాగ్రాహకుడు ఇప్పటికీ అంటాడు. అది కాదనలేను. ముందే సిద్ధంగా ఉన్నదాన్ని లేపడానికి ఎంతసేపు పడుతుంది? రెండవ చిత్రం చూసినప్పుడు మాత్రం, ఆ రాత్రి నా గదిలో ఫ్యాను ఆపడానికి లేచి, స్విచ్చి వద్ద కాసేపు నిలబడిపోయాను. ఆ భయంలో ఏ మనిషీ పరువు పోగొట్టుకోలేదు.

మహానగరంలో మనం ఒకరికొకరం కనిపించేది తరచుగా రెండు నిమిషాలే. ట్రాములో ఎదుటి బల్ల మీద కూర్చున్నవాడు, కొత్తగా కింది వాటాలో దిగిన కుటుంబం, రాత్రి వేళ సందు మలుపులో నిలబడిన మనిషి, వీరందరి ప్రారంభాలు మాత్రమే మనం చూస్తాము. మిగిలిన కథ మనమే కల్పించుకొంటాము. భయపడవద్దని నేను ఎవరికీ బోధించలేను. కొన్ని భయాలు మనలను కాపాడతాయి. అయితే ఆ భయం మనం అనుభవించినదా, ఎవరో మన చేతికి అందించినదా అని విచారించుకోవచ్చు. ఆ విచారణ కోసమే కాబోలు ఏడు ప్రశ్నలలో ఆ రెండవది ఉన్నది. ఆ నోటుపుస్తకాలలో వ్రాసిన దాని కంటె కొట్టివేసినది ఎక్కువ. నేను వాటిని భద్రంగా దాచుకొన్నాను.