జాలికి అటువైపు

మంచు మీద బోర్లా పడుకున్న సీల్ పిల్ల ఫొటో చూస్తే ఎవరి మనసైనా కరుగుతుంది. దూదిపింజలాంటి ఒళ్ళు, నల్లటి గుండ్రటి కళ్ళు... ఆ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నట్టే ఉంటుంది. పుట్టిన రెండు మూడు వారాలకే ఆ తెల్లబొచ్చు రాలిపోవడం మొదలవుతుంది. అందుకే ఆలోపే దుడ్డుకర్రతో తలమీద కొట్టి చంపేవారు. ఆ చర్మాలు యూరప్‌లో ఖరీదైన కోట్లయ్యేవి.

1976లో గ్రీన్‌పీస్ కార్యకర్తలు కెనడా తూర్పు తీరంలోని ఆ మంచు మీదికే వెళ్ళి వేటకు అడ్డుపడ్డారు. మరుసటేడు ఫ్రెంచి నటి బ్రిజిత్ బార్దో కూడా వెళ్ళారు. ఆ ఫొటోలు చూసి లోకం కదిలిపోయింది. 1983లో యూరప్ దేశాల కూటమి తెల్లపిల్లల చర్మాల దిగుమతిని నిషేధించింది. 1987లో కెనడా ఆ పిల్లల్ని వ్యాపారం కోసం చంపడాన్నే ఆపేసింది. నోరులేని జీవాల తరఫున మనుషులు పోరాడి గెలిచిన సందర్భమది.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది.

ఆ తీరానికి ఎంతో ఉత్తరాన ఇన్యూట్లు ఉంటారు. ఒకప్పుడు పాఠ్యపుస్తకాల్లో ‘ఎస్కిమోలు’ అని చదువుకున్నది వీళ్ళ గురించే. చెట్టు మొలవని నేల, పంట అన్నమాటే లేని బతుకు. తరతరాలుగా వాళ్ళకు సీల్ మాంసమే అన్నం. చర్మమే చలికోటు, కాలికి బూటు. కొవ్వే దీపానికి చమురు. వాళ్ళు ప్రధానంగా వేటాడేది వేరే రకం సీల్‌ని, తెల్లపిల్లల్ని కాదు. ఊపిరి పీల్చుకోడానికి సీల్ పైకొచ్చే మంచుకన్నం దగ్గర, ఎముకలు కొరికే చలిలో కదలకుండా కాపు కాస్తారు. మాంసం నలుగురూ పంచుకుంటారు. చర్మం అమ్మితే మంచుబండికి పెట్రోలు, తుపాకీకి తూటాలు వచ్చేవి. ఆ పెట్రోలుంటేనే మళ్ళీ వేట, మళ్ళీ తిండి.

1983 చట్టం వీళ్ళ సంప్రదాయ వేటను మినహాయించింది... కాగితం మీద! బజార్లో కోటు కొనేవాళ్ళకు ఏది ఎవరు వేటాడిన చర్మమో ఎలా తెలుస్తుంది? సీల్ అనగానే మొహం తిప్పుకున్నారు. ధరలు కుప్పకూలాయి. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టారంటారు. ఇక్కడ కాలింది పక్కవాడి ఇల్లు. 2009లో యూరప్ పెద్ద సీల్ చర్మాలనూ నిషేధించింది. మళ్ళీ అదే మినహాయింపు, మళ్ళీ అదే దెబ్బ. 2018లో భారత్ కూడా సీల్ చర్మాల దిగుమతిని ఆపేసింది.

ఇన్యూట్లు ఎక్కువగా ఉండే నునావుట్‌లో ఊరికీ ఊరికీ మధ్య రోడ్డు ఉండదు. సరుకులు విమానంలో రావాలి, లేదంటే వేసవిలో ఓడమీద. కొట్లో ధరలు మండిపోతుంటాయి. వేట మానేసి కొనుక్కు తినమంటే ఎన్నాళ్ళు తినగలరు?

అందుకే వాళ్ళూ గొంతు విప్పారు. 2014లో సీల్‌చర్మం దుస్తులు వేసుకుని ఫొటోలు దిగి, ‘సీల్ఫీ’లని పేరుపెట్టి ఇంటర్నెట్‌లో పెట్టారు. అదే ఏడాది గ్రీన్‌పీస్ కెనడా శాఖ, తమ ఉద్యమం వల్ల జరిగిన నష్టానికి ఇన్యూట్లకు క్షమాపణ చెప్పింది. 2016లో ఇన్యూట్ దర్శకురాలు అలెథియా అర్నాకుక్-బారిల్ ‘యాంగ్రీ ఇనుక్’ అనే డాక్యుమెంటరీ తీసి తమవాళ్ళ గోడు వినిపించారు. క్షమాపణతో పోయిన బేరం తిరిగిరాదు కదా!

ఆదివారం కోడికూర వండుకునే ఇంట్లో సీల్ పిల్ల ఫొటో చూసి కంటతడి పెడితే తప్పేం లేదు. కోడికి అలాంటి కళ్ళు లేవు, అంతే. తెల్లపిల్ల బతకాల్సిందే. కానీ దాని జోలికే వెళ్ళని వేటగాడి ఇంట్లో పొయ్యి ఆరిపోతే, ఆ సంగతి చెప్పే ఫొటో ఎవరు తీస్తారు? తీసినా, అంతమంది చూస్తారా?