అమ్మీ ఫోన్ ఖరాబు కాలేదు

షబే బరాత్ వెళ్లిన వారానికి కరీంనగర్ నుంచి ఆపా ఫోన్ చేసింది. "అమ్మీకి షుగర్ మూడొందలు దాటింది. గోలీలు సరిగ్గా వేసుకుంటలేదు. ఎందుకని అడిగితే ఖామోష్‌గా కూర్చుంటది. నువ్వొచ్చి అడుగు, నీకైతే చెప్తది" అంది.

శనివారం పొద్దున్నే జూబ్లీ బస్టాండ్‌లో బస్సెక్కాను. ఇంటికెళ్లి చూస్తే ఆపా చెప్పింది నిజమే. షుగర్ గోలీలు రోజూ వేసుకోవాల్సినవి, అమ్మీ రోజు విడిచి రోజు వేసుకుంటోంది. ఉన్నవాటిని సాగదీస్తోంది.

"అయిపోతే తెప్పించుకోవచ్చు కదా అమ్మీ?"

జవాబు లేదు.

"డాక్టర్ చీటీ ఏది?"

"ఫోన్‌లో ఉంది."

"ఫోన్ ఏది?"

లేచి అల్మారా తెరిచి, బట్టల కింద నుంచి దస్తీలో చుట్టిన ఫోన్ తీసింది. నా చేతిలో పెడుతూ మెల్లిగా అంది: "మైచ్ కుచ్ దబాదీ కీ క్యాకీ బేటా."

నేనే ఏదో నొక్కేసినట్టున్నా అని. కొడుకు అంత పైసలు పోసి కొనిచ్చిన ఫోన్ తన చేతుల్లో ఖరాబైందని ఆమె యఖీన్. ఆ శరంతోనే మూడు వారాలుగా ఎవరికీ చెప్పలేదు. వీధి చివర మెడికల్ షాపుంది. కానీ కాగితం చీటీ ఎప్పుడో పోయింది, దాని ఫోటో ఉన్నది మందుల ఆప్‌లోనే.

ఛార్జింగ్ పెట్టి ఆన్ చేశాను. ఫోన్ బాగానే ఉంది. మందుల ఆప్ తెరిచాను. తెల్లటి తెర మీద రెండు ముక్కలు, కింద ఒక బటన్. "కొత్త వెర్షన్ వచ్చింది. కొనసాగడానికి అప్‌డేట్ చేయండి." నొక్కితే ప్లే స్టోర్ తెరుచుకుంది. ఈ ఆప్ మీ ఫోన్‌కి సరిపడదు అంది. వెనక్కొస్తే మళ్లీ అదే తెల్లటి తెర, అదే బటన్. మళ్లీ నొక్కితే మళ్లీ అదే. అమ్మీ ఇలా ఎన్నిసార్లు తిరిగిందో.

ఆ తెరని నేను వెంటనే గుర్తుపట్టాను. గుర్తుపట్టకుండా ఎలా ఉంటాను? ఆ కంపెనీలో పనిచేసేది నేనే. ఆ తెర రాసింది నేనే.

ఈ పని తెలియని వాళ్ల కోసం కొంచెం చెప్తాను. ప్రతి ఆండ్రాయిడ్ ఆప్ లోపల ఒక నంబరు ఉంటుంది. మినిమమ్ ఎస్‌డీకే అంటాం. ఇంతకంటే పాత ఆండ్రాయిడ్ ఉన్న ఫోన్లలో ఈ ఆప్ నడవదు అని చెప్పే నంబరు అది. మా ఆప్‌లో అది 21 ఉండేది. అంటే 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5 నుంచి పైవన్నీ. దాన్ని 26 చేశాం. అంటే 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి. నేను 2016లో అమ్మీకి కొనిచ్చిన ఫోన్‌లో ఉన్నది ఆండ్రాయిడ్ 6. దాని నంబరు 23.

కోడ్‌లో మారింది ఒకే ఒక్క లైను. దాని మీద జరిగిన మీటింగ్ ఒక కప్పు చాయ్ తాగినంత సేపు కూడా నడవలేదు. తెర మీద గ్రాఫ్ చూపించారు. కింద సన్నటి గీత, వందలో ఇద్దరు ముగ్గురు పాత ఫోన్లవాళ్లు. "ఇంకా ఎవరు వాడుతున్నార్లే ఈ డబ్బాలు" అని నవ్వింది ఎవరో కాదు, నేనే. ఆ గీతలో అమ్మీ కూడా ఉందన్న ఖయాల్ ఒక్క క్షణం కూడా రాలేదు.

ఇన్సాఫ్‌గా చెప్పాలంటే మా మజ్‌బూరీలు మాకున్నాయి. మేం వాడే లైబ్రరీలు ఒక్కొక్కటిగా పాత వెర్షన్లని వదిలేస్తుంటాయి. పాత ఫోన్‌లో వచ్చిన తప్పుని వెతకడానికి అలాంటి ఫోనే పట్టుకుని కూర్చోవాలి. సెక్యూరిటీ ప్యాచ్‌లు ఆగిపోయిన ఫోన్‌లో జనం వైద్యం వివరాలు పెట్టడం ఖతర్నాక్ కూడా. ఎప్పుడో ఒకప్పుడు గీత గీయక తప్పదు. గీత గీసినందుకు నాకు అంత బాధ లేదు.

బాధంతా ఆ తెల్లటి తెర గురించి. అది అబద్ధమాడింది. అప్‌డేట్ చేయండి అంది, చేయడానికి అక్కడ ఏమీ లేదు. "ఈ ఆప్ మీ ఫోన్‌లో ఇక నడవదు, కసూర్ మీది కాదు" అని ఒక్క మాట ఎక్కడా లేదు. రాసేటప్పుడు నేను కంప్యూటర్ గురించి ఆలోచించాను కానీ చదివేవాళ్ల గురించి ఆలోచించలేదు.

చదవడం అంటే ఇంకో సంగతి. అమ్మీకి ఉర్దూ తప్ప ఏదీ చదవడం రాదు. మా ఆప్ తెలుగు, హిందీ, ఇంగ్లీషులో ఉంది, ఉర్దూలో లేదు. నేను కూర్చోబెట్టి చూపిస్తే అమ్మీ జాగాలు గుర్తుపెట్టుకుంది. గోలీల బొమ్మ, దాని కింద మూడోది, ఆకుపచ్చ బటన్, ఒకసారి నొక్కు, అంతే. ఏళ్లకేళ్లు అలా మందులు తెప్పించుకుంది. మేం రంగు మారిస్తే ఆమె రాస్తా మారినట్టే. అలాంటి మనిషి ముందు ఎప్పుడూ చూడని తెర వస్తే, తన వేలిదే గలతీ అనుకోక ఏం చేస్తుంది?

ఆ రోజు మధ్యాహ్నం భోంచేశాక, అల్మారా పైన గుడ్డ కప్పి ఉన్న నేషనల్ పానాసోనిక్ టేప్ రికార్డర్ మీదికి నా చూపు పోయింది. అబ్బా జిద్దాలో పనిచేసిన రోజుల్లో పంపింది. అప్పట్లో ఫోన్ చేయాలంటే పైసలు నీళ్లలా పోయేవి. అందుకని గల్ఫ్‌లో ఉన్నవాళ్లు క్యాసెట్లలో మాట్లాడి, సెలవు మీద వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేవాళ్లు. అబ్బా సలాం చెప్పి, ఒక్కొక్కరి పేరు పిలిచి ఖైరియత్ అడిగేవారు. మేం చుట్టూ కూర్చుని వినేవాళ్లం. తర్వాత అమ్మీ అదే క్యాసెట్ మీద జవాబు రికార్డ్ చేసి తిరిగి పంపేది. అందుకే అబ్బా గొంతున్న క్యాసెట్లు మా దగ్గర మిగల్లేదు. టేప్ రికార్డర్ మాత్రం మిగిలింది. బెల్ట్ వదులైతే టవర్ సర్కిల్‌లో కొత్తది వేయించాం. హెడ్‌కి మట్టి పడితే దూదితో స్పిరిట్ పెట్టి తుడిచేవాళ్లం. అది ఎన్నిసార్లు ఆగినా అమ్మీ ఒక్కసారి కూడా కసూర్ తనది అనుకోలేదు. "బెల్ట్ పోయింది, తీసుకెళ్లు" అనేది. దాని లోపల ఏముందో ఆమెకి తెలుసు. ఫోన్ లోపల ఏముందో తెలియదు. అందుకే దాని ముందు ఆమె ముల్జిమ్‌లా నిలబడింది.

ఆదివారం అమ్మీ ఫోన్ నాతో హైదరాబాద్ తెచ్చుకున్నాను. బ్యాటరీ కొంచెం ఉబ్బినట్టుంటే, ఆఫీసు నుంచి వస్తూ ఆబిడ్స్‌లో జగదీశ్ మార్కెట్‌కి తీసుకెళ్లాను. ఇరవై ఏళ్లు కూడా లేని పిల్లాడు వెనక మూత తీసి, బ్యాటరీ మార్చి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మాల్ ఫస్ట్ క్లాస్ ఉంది సాబ్. డిస్‌ప్లే మంచిగుంది, బోర్డు మంచిగుంది. ఇట్లాంటివి రోజూ వస్తయ్. ఫోన్లకి ఏం కాదు, ఈ సాఫ్ట్‌వేరోళ్లే మార్తరు" అన్నాడు.

నేను ఏం పని చేస్తానని అతను అడగలేదు. నేనూ చెప్పలేదు.

గాడ్జెట్ల షౌక్ నాకు మొదటి నుంచీ ఉంది. మొదటి జీతంతో కొన్న నోకియా 1100 నుంచి ఇప్పటి ఫోన్ దాకా ఎన్ని మార్చానో హిసాబ్ లేదు. కొత్త ఫోన్ ఎంత సన్నగా ఉంది, కెమెరా ఎంత బాగుంది అని దోస్తులతో గంటలు గంటలు మాట్లాడాను. ఈ ఫోన్ ఎన్నేళ్లు బతుకుతుంది అని ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు కొన్ని కంపెనీలు ఆ మాట చెప్తున్నాయి. 2023లో గూగుల్ పిక్సెల్ 8కి, 2024లో సామ్‌సంగ్ ఎస్24కి ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామని ఖరారు చేశాయి. అంటే చేయాలనుకుంటే చేయొచ్చన్నమాట. కాకపోతే అవి అమ్మీలాంటి వాళ్ల చేతుల్లోకి వచ్చే ఫోన్లు కావు.

చేయాలనుకుంటే అన్నాను కదా, మా లైన్‌లోనే ఒక మంచి మిసాల్ ఉంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అని ఒక సంస్థ, లాభం కోసం నడిచేది కాదు. లక్షలాది వెబ్‌సైట్లకి ముఫ్త్‌గా సర్టిఫికెట్లు ఇస్తుంది. వాళ్లు ఆసరా తీసుకున్న పాత రూట్ సర్టిఫికెట్ గడువు 2021 సెప్టెంబర్ 30న తీరిపోయింది. వాళ్ల సొంత కొత్త సర్టిఫికెట్‌ని 7.1.1 కంటే పాత ఆండ్రాయిడ్లు గుర్తించవు. ఆ ఫోన్లలో లెక్కలేనన్ని సైట్లు తెరుచుకోవని ముందు వాళ్లే చెప్పారు. కానీ అక్కడితో వదిలేయలేదు. రూట్ సర్టిఫికెట్ గడువు తీరినా పాత ఆండ్రాయిడ్ పట్టించుకోదన్న సంగతి పట్టుకుని, ఆ పాత రూట్ సొంతదారులతో మాట్లాడి, ఇంకో మూడేళ్లకి సంతకం చేయించుకున్నారు. ఆ మూడేళ్లు పాత ఫోన్లు నడిచాయి. ఆ ఫోన్లు వాడేవాళ్లలో చాలామందికి ఇలా ఒకటి జరిగిందని కూడా తెలియదు. పని చేస్తే అలా చేయాలి.

సోమవారం మీటింగ్‌లో సంగతంతా చెప్పాను. అమ్మీ పేరు ఎత్తకుండానే చెబుదామనుకున్నాను, నోరు ఆగలేదు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నంబరుని వెనక్కి మార్చడానికి మేనేజర్ ఒప్పుకోలేదు. నేనూ పెద్దగా జిద్దు చేయలేదు. రెండు పనులు మాత్రం ఒప్పుకున్నారు. పాత ఆప్ ఇంకో ఆరు నెలలు చీటీలు చూపిస్తుంది, కొత్త ఆర్డర్లు తీసుకోకపోయినా సరే. ఇంకోటి, ఆ తెల్లటి తెర మారింది. ఇప్పుడు దాని మీద ఇలా ఉంటుంది: "ఈ ఆప్ ఈ ఫోన్‌లో ఇక నడవదు. మీరు ఏ తప్పూ చేయలేదు. మందులు కావాలంటే ఇక్కడ నొక్కండి, మేమే మాట్లాడతాం." నొక్కితే కస్టమర్ కేర్‌కి కాల్ వెళ్తుంది. ఆ మాటలే ఉర్దూలో కూడా ఉన్నాయి, తర్జుమా నేనే చేశాను. ఆప్ మొత్తంలో ఉర్దూ ఉన్నది ప్రస్తుతానికి ఆ ఒక్క తెర మీదే.

అమ్మీకి కొత్త ఫోన్ కొనిచ్చాను. కూర్చోబెట్టి జాగాలన్నీ మళ్లీ చూపించాను. ఆకుపచ్చ బటన్ ఇప్పుడు నీలం అయింది, కిందికి జరిగింది. చీటీ మాత్రం ఈసారి కాగితం మీద కూడా తీయించి, టేప్ రికార్డర్ కింద పెట్టాను. ఫోన్‌లో ఏదైనా తెలియనిది కనబడితే ముందు నాకు ఫోన్ చేయమని, కసూర్ తనది అనుకోవద్దని ఖసం వేయించుకున్నాను.

"అయితే అప్పుడు కసూర్ ఎవరిది?" అని అడిగింది.

చెప్పాను. మొత్తం చెప్పాను, నవ్విన సంగతి కూడా.

అమ్మీ కాసేపు నా మొహంలోకి చూసింది. తర్వాత పాత ఫోన్ అడిగి తీసుకుంది. ఇప్పుడది ఆమె తలగడ పక్కన ఉంటుంది. ఫజర్‌కి అలారం కొడుతుంది, కరెంటు పోతే టార్చ్ అవుతుంది. పోయిన వారం ఆపా చెప్పింది, షుగర్ నూట నలభైకి దిగిందట.