పాత ఆంప్లిఫయరుకు క్రొత్త స్పీకరు

స్పీకరు లేని మందిరము ఇప్పుడు పల్లెలలో సహితము అరుదు. అయినను స్పీకరు చెడిపోయినప్పుడు దానికి బదులుగా ఏది తేవలెనో నిదానించి ఆలోచించువారు తక్కువ. దుకాణమునకు వెళ్లి "పెద్దది ఇమ్ము" అని అడిగి, వాట్ల సంఖ్య ఎక్కువగా వ్రాసియున్న దానిని తెచ్చి బిగింతురు. పిమ్మట శబ్దము మునుపటికంటె తగ్గెనేమని ఆశ్చర్యపడుదురు. ఆ ఆశ్చర్యమునకు కారణమేదో ఒక పాత ఆంప్లిఫయరు కథ ద్వారా మీతో చెప్పవలెనని కోరుచున్నాను. అది మన దేశములోనిది కాదు. అమెరికాలో డెట్రాయిట్ పట్టణము దగ్గర, నా తమ్ముని కుమారుని ఇంట నున్నది. నేను అక్కడ మూడు నెలలు ఉన్నప్పుడు దాని పని నా చేతికి వచ్చెను. సెమినరీలో చేరకముందు మా మేనమామగారి రేడియో మరమ్మతు కొట్టులో రెండు సంవత్సరములు కూర్చుంటిని గనుక, వాల్వుల సంగతి నాకు కొంత తెలియును.

ఆ ఆంప్లిఫయరు బేసు గిటారు కొరకు చేయబడినది. పేరు ఆంపెగ్ బి-15ఎన్. ఆంపెగ్ అను పేరు వచ్చిన విధము వినదగినది. ఎవెరెట్ హల్ అను సంగీతకారుడు నిలువెత్తు బేసు వాద్యమును వాయించువాడు. ఆ వాద్యమునకు క్రింద నేలకు ఆనించు మేకు ఒకటి ఉండును. ఆయన ఆ మేకులో ఒక చిన్న మైక్రోఫోను అమర్చెను. శబ్దమును పెంచు మేకు అని ఇంగ్లీషులో చెప్పు మాటలను కుదించగా ఆంపెగ్ అయ్యెను. 1960లో ఆ కంపెనీలోని జెస్ ఆలివర్ అను నిపుణుడు బి-15 అను నమూనాను సిద్ధపరచెను. పని అయిన తరువాత పైనున్న ఆంప్లిఫయరును తలక్రిందులుగా త్రిప్పి, స్పీకరు పెట్టెలోనికే దింపి మూయవచ్చును, మోసికొనిపోవుటకు అనువు. శక్తి 25 వాట్లు మాత్రమే. స్పీకరు ఒక్కటే, 15 అంగుళములది. డెట్రాయిట్‌లోనే మోటౌన్ రికార్డులకు బేసు వాయించి ప్రసిద్ధికెక్కిన జేమ్స్ జేమర్సన్ ఈ నమూనాను వాడినవారిలో ఒకడు.

మా అబ్బాయి వద్ద నున్నది ఒక అమెరికా దేశస్థుడు ఇచ్చినది. ఆ వృద్ధుడు నలువది సంవత్సరములు వివాహముల విందులలోను నాట్యశాలలలోను దానితోనే బేసు వాయించెను. తొంబదియవ ఏట వృద్ధాశ్రమమునకు వెళ్లుచు, ప్రక్క ఇంట నున్న మా అబ్బాయి అక్కడి తెలుగు సంఘములో బేసు వాయించునని ఎరిగి, దానిని అతనికి అప్పగించెను. ధర అడుగలేదు. "దీని గొంతు మార్చకుము, అప్పుడప్పుడు తెచ్చి నాకు వినిపింపుము" అని మాత్రము చెప్పెను. మూడవ నెలలో, పాట మధ్యను, స్పీకరు మూగపోయెను.

అట్టి సమయమున శబ్దము రాలేదని మీట ఇంకను పైకి త్రిప్పువారు కలరు. అది మిక్కిలి ప్రమాదము. వాల్వు ఆంప్లిఫయరును స్పీకరు లేకుండ మ్రోగించరాదు; మోయుటకు బరువు లేనందున ట్రాన్స్‌ఫార్మరులో వోల్టేజి హద్దు మీరి లేచి, లోపలి చుట్లను కాల్చివేయగలదు. స్పీకరు దొరకవచ్చును గాని, ఆరు దశాబ్దముల క్రిందటి ఆ ట్రాన్స్‌ఫార్మరు దొరకుట కష్టము. మా అబ్బాయి వెంటనే స్విచ్చి కట్టెను. అది గొప్ప మేలయ్యెను.

మేము స్పీకరును ఊడదీసి మీటరు పెట్టి చూచితిమి. 8 ఓముల స్పీకరు మంచిదైన యెడల మీటరు సుమారు 6 చూపవలెను. ఇది ఏమియు చూపలేదు. టార్చిలైటు సెల్లు ఒకటి తాకించితిమి. మంచి స్పీకరైతే టక్కుమని కోను కదలును. ఇది కదలలేదు. కాయిలు తెగినదని తేలెను. కోను కాగితము అంచున చినిగియు ఉండెను. ఇనుప చట్రముపై 220423 అను అంకెలు ఉండెను. అమెరికా స్పీకర్లపై ఇట్టి అంకెలకు అర్థము కలదు. 220 అనగా జెన్సెన్ కంపెనీ. తరువాతి 4 సంవత్సరపు చివరి అంకె. 23 ఆ సంవత్సరములో వారము. బి-15 పుట్టినదే 1960లో గనుక అది 1954 కాజాలదు. 1964 జూన్ నెలలో చేసినదని గ్రహించితిమి. ఈ జెన్సెన్ అను పేరు డెన్మార్కు నుండి వచ్చిన పీటర్ జెన్సెన్‌ది. ఆయనయు ఎడ్విన్ ప్రిధమ్ అను మిత్రుడును 1915లో కాలిఫోర్నియాలోని నాపా అను ఊరిలో కాయిలు కదలు స్పీకరుతో పెద్ద శబ్దము పుట్టించి చూపిరి. ఈనాడు మన మందిరపు గోడకు వ్రేలాడు స్పీకరు సహితము ఆ వంశములోనిదే.

ఇక బదులు ఏది? మా అబ్బాయి చెప్పినది ఇది: "పెదనాన్నగారూ, 400 వాట్లది వేసికొందము. ఇక జన్మలో కాలిపోదు."

కాలిపోదు, నిజమే. అయితే వాట్ల సంఖ్య స్పీకరు ఎంత తట్టుకొనునో చెప్పును గాని, ఎంత పలుకునో చెప్పదు. పలుకుటను తెలుపునది మరియొక సంఖ్య. దానిని డెసిబెల్లలో వ్రాయుదురు. ఒక వాటు ఇచ్చి, ఒక మీటరు దూరమున కొలిచిన శబ్దము అది. మా యెదుట నున్న రెండు స్పీకర్ల కాగితములలో 400 వాట్ల దానికి 94, తక్కువ వాట్ల దానికి 98 అని ఉండెను. నాలుగే గదా అనుకొనవద్దు. ఈ లెక్కలో మూడు తగ్గిన యెడల శక్తి సగమైనట్లే. నాలుగు తగ్గుటచేత, మన 25 వాట్లు ఆ గొప్ప స్పీకరులో పోయగా, రెండవదానిలో 10 వాట్లు పోసినంత శబ్దమే వచ్చును. వందల వాట్ల ఆంప్లిఫయరు కలవానికి ఇది లెక్కకు రాదు; 25 వాట్లే ఉన్నవానికి ఇదే ముఖ్యము. తట్టుకొనుటకైతే ఆంప్లిఫయరు శక్తికి రెండింతలు, అనగా 50 వాట్లు, అంతకు కొంచెము పైన చాలును. వాల్వులను నిండుగా త్రిప్పినప్పుడు వ్రాసిన దానికంటె ఎక్కువ శక్తి పారును గనుక ఆ రెండింతలు కావలెను.

అట్లని డెసిబెల్లు ఎక్కువగా ఉన్నదే తెచ్చుకొన్నను చిక్కే. మామూలు గిటారు కొరకు చేసిన స్పీకర్లకు ఆ సంఖ్య మిక్కిలి ఎక్కువ. కాని బేసు గిటారు లావు తీగ సెకనుకు 41 సార్లు మాత్రమే కంపించును. ఆ లోతును పలుకుటకు కోను కొంత బరువుగా, ముందుకు వెనుకకు దూరముగా కదలునదిగా ఉండవలెను. బరువైన కోను అంత గట్టిగా పలుకదు. లోతు, గట్టితనము, చిన్న పెట్టె — ఈ మూడింటిలో రెండే దొరకును, మూడవది విడువవలెను. అమ్మువాడు మూడును ఇత్తునన్న యెడల నేను నమ్మను. పెట్టెకును స్పీకరుకును గల ఈ సంబంధమును లెక్కగట్టు మార్గమును ఆస్ట్రేలియాకు చెందిన నెవిల్ థీల్ 1961లో వ్రాసెను; రిచర్డ్ స్మాల్ 1970లలో దానిని విస్తరింపజేసెను. బి-15 అంతకు ముందే పుట్టినది. మా పెట్టెకు గాలి పోవు ద్వారము కలదు. అట్టి పెట్టెలో ఏ స్పీకరైన ఒకే రీతిగా పలుకదు. కాబట్టి స్పీకరు కాగితములోని సంఖ్యలను పెట్టె కొలతతో సరిచూడవలసి వచ్చెను. రెండు సాయంకాలములు ఆ లెక్కకే పోయెను.

ఓముల విషయములో బేరము లేదు. అలవాటైన ఎద్దు ప్రక్కన కాడికి మరీ పొట్టిదానినో మరీ పొడుగుదానినో కట్టిన యెడల రెండింటి మెడలును పుండగును గదా. ట్రాన్స్‌ఫార్మరు 8 ఓములకు చుట్టబడినప్పుడు 8 ఓముల స్పీకరే తేవలెను. చౌకగా వచ్చునని 4ది, ఇంట ఉన్నదని 16ది తగిలింపరాదు.

అయస్కాంతము గురించియు పెద్ద వాదము కలదు. పూర్వము అల్యూమినియము, నికెలు, కోబాల్టు కలిపిన అయస్కాంతములు వాడిరి. 1978లో ఇప్పటి కాంగో దేశములో, అప్పటి జైరేలో, యుద్ధము వచ్చి కోబాల్టు వెల ఆకాశమునంటగా ఆ జాతి స్పీకర్లు అరుదాయెను. ఇప్పుడు వాటికి రెండింతలు మూడింతలు వెల చెప్పి, ఆ మాధుర్యము వేరు అందురు. వేరేమో గాని, మా పాత స్పీకరుపై సి15ఎన్ అని ఉండెను. జెన్సెన్ వారు పాత జాతికి పి అనియు, పింగాణి వంటి నల్లని ఫెరైటు అయస్కాంతము గలదానికి సి అనియు పేరు పెట్టిరి. అనగా ఈ పెట్టెలో కోబాల్టు లేనే లేదు. లేని దానిని "పాత గొంతు" పేరిట కొనుట నాకు సమ్మతము కాలేదు.

మరి పాతదానికే కోను మార్చి, కాయిలు కట్టించరాదా? మన బెజవాడలో ఆ పని చేయు మెకానిక్కులు కలరు, అక్కడను కలరు. చట్రము వంగనిది, అయస్కాంతము జరుగనిది అయిన యెడల అదియే ఉత్తమమని నా అభిప్రాయము. అయితే కాగితము మారును గనుక గొంతు అచ్చముగా అదే ఉండునని ఎవరును ప్రమాణము చేయజాలరు. ఇంతకు అక్కడి పనివాడు నాలుగు నెలలు పట్టునని చెప్పెను. ఆ పెద్దమనిషికి తొంబదియేండ్లు. నాలుగు నెలలు అనగానే మేమిద్దరము ఒకరి ముఖము ఒకరు చూచుకొంటిమి.

కాబట్టి ఫెరైటు అయస్కాంతము గల 98 డెసిబెల్లుల క్రొత్తదానిని, బేసుకు చేసినదానిని, 8 ఓములదానిని తెప్పించితిమి. కొనకముందు దాని వెనుక భాగపు లోతును కొలిచితిమి. ఏలయనగా ఆంప్లిఫయరును తలక్రిందులుగా దింపినప్పుడు పెద్ద అయస్కాంతము వాల్వులకు తగులవచ్చును. రెండు అంగుళముల ఎడము మిగిలెను. పెట్టెకు కొత్త రంధ్రములు వేయలేదు. పాతదానిని శుభ్రమైన గుడ్డలో చుట్టి, తేదీ వ్రాసి, దాని అంకెలు కనబడునట్లు అట్టపెట్టెలో ఉంచితిమి. తరువాత తీరికగా కోను వేయించవచ్చును.

ఆ శనివారము దానిని వృద్ధాశ్రమపు హాలునకు మోసికొనిపోతిమి. పాట ఏమియు వద్దని, లావు తీగను మాత్రమే మీటుమని ఆయన చెప్పెను. మా అబ్బాయి మీటెను. ఆయన కుర్చీని దగ్గరకు జరుపుకొని అరచేతిని పెట్టె ప్రక్కచెక్కపై ఆనించి, శబ్దము పూర్తిగా అణగువరకు చేయి తీయలేదు. మరల మీటుమనెను. నాలుగైదు సారులు అట్లు జరిగిన తరువాత, "లోతు ఉన్నది. పైన కొంచెము గీచినట్లున్నది. కాగితము క్రొత్తది, బిగువు మీద ఉన్నది. ఒక నెల దినమును వాయించి మరల తెండి" అనెను. తరువాత మంచము ప్రక్కనున్న కేలెండరును తెప్పించుకొని, నెల దాటిన శనివారమును వెదకి, పెన్సిలుతో సున్న చుట్టుకొనెను.