ఖాళీగా ఉన్నప్పుడే తెలుస్తుంది

స్పోర్ట్స్ కారు అనగానే అందరూ అడిగేది ఒక్కటే... 'ఎంత స్పీడు వెళ్తుంది?' అని. మా ఇంట్లో మాత్రం ఆర్నెల్లపాటు వేరే ప్రశ్న నడిచింది. సిగ్నల్ దగ్గర కారు ఆగుతుందా, ఆగిపోతుందా?

న్యూజెర్సీలో మా దగ్గరున్నది 1992 నాటి మాజ్దా మియాటా. రెండే సీట్లు, వెనక్కి మడిచేసుకునే గుడ్డ టాపు, 1.6 లీటర్ల ఇంజను. 1989లో షికాగో ఆటో షోలో తొలిసారి కనిపించిన ఈ మోడల్ 2016 నాటికి పది లక్షలు తయారైంది. మా చేతికొచ్చేసరికి మా కారు నలుగురు యజమానుల్ని చూసింది.

హైవే ఎక్కితే గుర్రమే. ఎర్రలైటు దగ్గర క్లచ్చి నొక్కితే మాత్రం ముల్లు 1,500కి లేచేది, 500కి పడేది, మళ్లీ లేచేది. మెట్లెక్కి వచ్చిన మనిషిలా ఒకటే రొప్పు. ఏసీ వేస్తే టప్పున ఆగిపోయేది. ఓ వానరోజు నాలుగు రోడ్ల కూడలిలో మూడుసార్లు ఆగాక మా ఆవిడ 'ఇక దీన్లో కాలు పెట్టను' అనేసింది. ఒక గ్యారేజీవాళ్లు చూసి ఇంజను కంప్యూటరు మార్చాలన్నారు. వాళ్లు చెప్పిన ఖర్చు కారు ఖరీదులో సగం! అమెరికాలో 1996 మోడల్ నుంచి కార్లన్నిటికీ స్కానర్ తగిలించే సాకెట్ తప్పనిసరైంది. మాది అంతకు ముందుది. దాని కంప్యూటరు తన బాధని ఓ బల్బు మిణుకులతో చెప్పుకోవాలి. లెక్కపెట్టి చూస్తే, దాని దృష్టిలో అంతా సవ్యమే!

అప్పుడే నాన్న వచ్చారు, ఆర్నెల్ల వీసా మీద. ముప్ఫయ్యేళ్లు ఆర్టీసీ డిపోలో మెకానిక్కుగా చేసిన మనిషి. ఆదివారాలు మా పెరట్లో ఊళ్లోవాళ్ల అంబాసిడర్లూ ఫియట్లూ బాగుచేసేవారు. అమెరికాలో ఆయనకి పనిలేదు. మేం ఆఫీసులకీ పిల్లలు బడికీ వెళ్లాక ఇంట్లో ఫ్రిజ్ చప్పుడొక్కటే. మూడోవారానికే మోకాళ్ల నొప్పులు, నిద్రపట్టకపోవడం మొదలయ్యాయి. 'టికెట్ ముందుకి జరిపించరా' అన్నారు ఓ రాత్రి. నేనేమీ మాట్లాడలేకపోయాను.

ఆ శనివారం కారు స్టార్ట్ చేసి వాకిట్లో నిలబెట్టాను. కిటికీలోంచి విన్నట్టున్నారు. 'ఒరేయ్, అది ఎక్కడో దొంగగాలి పీలుస్తోందిరా' అంటూ బయటికొచ్చారు. వచ్చేముందు లుంగీ మార్చి ప్యాంటు వేసుకున్నారు. తిరిగే బెల్టుల దగ్గరకి వేలాడే బట్టతో వెళ్లకూడదన్నది డిపోలో నేర్చిన మొదటి పాఠమట.

విషయం ఇదీ. మియాటాలో ఇంజనుకి వెళ్లే గాలిని దారిలో ఒక చిన్న రేకు తలుపు కొలుస్తుంది. ఆ కొలతని బట్టి కంప్యూటరు పెట్రోలు పోస్తుంది. ఆ తలుపు దాటాక ఎక్కడైనా గొట్టం పగిలితే, లెక్కలోకి రాని గాలి లోపలికి చొరబడుతుంది. కాలు తీసేసినా ఇంజను జోరుగా తిరుగుతుంటే, కారు వాలులో దిగుతోందనుకుని కంప్యూటరు పెట్రోలు ఆపేస్తుంది. వేగం పడిపోతుంది. కంగారుగా మళ్లీ పోస్తుంది. రొప్పు అదే. మరి హైవేమీద ఎందుకు తెలీదు? అక్కడ ఇంజను పీల్చే గాలి చాలా ఎక్కువ. అంత గాలిలో ఈ కాస్తా లెక్కలోకి రాదు. ఐడిల్లో పీల్చేదే కొంచెం కాబట్టి చిన్న చిల్లే పెద్ద రోగమవుతుంది.

నేను మాన్యువల్ చదివి చెబుతుంటే నాన్న ఒక్కొక్కటే చూశారు. ఇంజను పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత తీసి నీళ్లు చూశాం. వేడిమీద తీస్తే మొహం కాలుతుంది. నీళ్లు తగ్గి లోపల గాలి బుడగ చేరినా ఐడిల్ ఇలాగే ఆడుతుంది, ఎందుకంటే చలి ఇంజనుకి అదనపు గాలినిచ్చే కవాటం ఆ నీళ్ల వేడితోనే మూసుకోవాలి. నీళ్లు సరిగ్గానే ఉన్నాయి. ఇంజను మళ్లీ స్టార్ట్ చేశాం. తోటకి నీళ్లుపెట్టే పైపులోంచి మూరెడు ముక్క కోసి, ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని, రెండోది గొట్టాల వెంట తిప్పారు. డాక్టరు స్టెతస్కోపులాగే. ఒకచోట ఆగారు. పూలకుండీల స్ప్రేతో అక్కడ నాలుగు చుక్కలు చల్లారు. ఇంజను గొంతు మారింది!

ఇంజను మూత నుంచి ఇన్‌టేక్ మానిఫోల్డుకి వెళ్లే రబ్బరు గొట్టమది. పైకి నల్లగా నిగనిగలాడుతోంది. తిప్పి చూస్తే అడుగున వేలెడు పగులు. తయారుచేసినవాళ్ల తప్పేం కాదు. ముప్ఫయ్యేళ్లు వేడిలో ఉన్న రబ్బరు ఎండి బీటలివ్వక ఏం చేస్తుంది? కొత్త గొట్టం ఏడు డాలర్లు.

నేను స్క్రూడ్రైవర్ అందించబోతే 'అది చివర్న' అన్నారు. థ్రాటిల్ దగ్గర మెత్తటి తారులా పేరుకున్న మసిని క్లీనర్‌తో తుడిచాం. ఇంజను వేడెక్కాక లైట్లూ ఏసీ కట్టేసి, డయాగ్నొస్టిక్ పెట్టెలో రెండు పిన్నుల్ని చిన్న తీగతో కలిపాం. అలా కలిపితే కంప్యూటరు సర్దుబాట్లు ఆపి ఊరుకుంటుంది. అప్పుడు స్క్రూ తిప్పి 850 దగ్గర నిలబెట్టాం. చిల్లు పూడ్చకుండా ముందే స్క్రూ తిప్పితే జ్వరానికి మందివ్వకుండా థర్మామీటర్ని దిద్దినట్టేనట! మీ పాత కారుకీ ఈ వరసే మేలు. ముందు నీళ్లు, తర్వాత గొట్టాలు, ఆపైన మసి, ఆఖర్న స్క్రూ. కంప్యూటరు మార్చడం గురించి ఆ తర్వాతే ఆలోచించండి.

మర్నాడు మా ఆవిడే తాళాలు తీసుకుని 'రండి మావయ్యగారూ, గుడికి వెళ్లొద్దాం' అంది. దారిలో ఏడు సిగ్నళ్లట, ఒక్కచోటా ఆగిపోలేదట. వచ్చాక నాన్న లెక్కచెప్పారు.

ముప్ఫయ్యేళ్ల బస్సుల హోరులో మోకాళ్ల నొప్పి ఆయనకే వినిపించి ఉండదు. ఇక్కడి నిశ్శబ్దంలో అదే పెద్దదైంది. మేం ఆయన్ని సోఫాలో కూర్చోబెట్టి, టీవీ పెట్టి, సుఖపెడుతున్నామనుకున్న రోజులవి. ఆ తర్వాత వీధిలోని తెలుగువాళ్లు ఇద్దరు ముగ్గురు తమ పాత కార్లు తెచ్చి వాకిట్లో ఆపారు. కొన్ని కుదిరాయి, ఒకటి కుదర్లేదు. నొప్పులు తగ్గాయని నాన్న చెప్పలేదు. టికెట్ మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు. రాసి ఉన్న తేదీకే ఊరెళ్లారు, చెవి పైపు ముక్కని మా గ్యారేజీలో మేకుకి తగిలించి.