కాళ్లడగని పడవ

మా నెల్లిమర్లలో చంపావతికి నీళ్లొచ్చాయంటే నా ఈడు పిల్లలంతా ఒడ్డున చొక్కాలు విప్పేసి ఏట్లోకి దూకేవారు. ఆ చొక్కాలకు నేను కాపలా. పసితనంలో పోలియో వచ్చి నా ఎడమ కాలు సన్నబడిపోయింది. "నీకెందుకా నీళ్లు నాయినా, గట్టుమీదే కూకో" అనేది అమ్మ. ఆమె భయం ఆమెది. నార తీసేశాక మిగిలిన గోగుపుల్లలు ఏరుకొచ్చి ఒక్కొక్కటే ఏట్లోకి విసిరేవాణ్ని. బెండులా తేలికైన పుల్లలు, సుడి దాటి మలుపు తిరిగి కనబడకుండా పోయేవి. ఈ ఏరు కోనాడ దగ్గర సముద్రంలో కలుస్తుందని బళ్లో చెప్పారు. నా పుల్ల కోనాడ చేరుతుందా అన్నదే నా ఆలోచన.

ఇప్పుడు స్టాక్‌హోం పక్కన మెలారెన్ సరస్సుకు దగ్గరలో ఉంటున్నాను. ఉద్యోగానికొచ్చి ఇరవై ఏళ్లు దాటింది. ఏడేళ్ల కిందట ఒక పాత తెరచాప పడవ కొన్నాను. గట్టుమీద కూర్చోబెట్టిన పిల్లాడికి పడవేమిటని ఊళ్లో చాలామంది అడిగారు. వాళ్లకు చెప్పిందే ఇక్కడా చెబుతాను.

దీన్ని 2.4 మీటర్ పడవ అంటారు. నిజానికి పొడవు నాలుగు మీటర్లు దాటుతుంది. ఆ 2.4 కొలత కాదు, లెక్క. పడవ పొడవు, చుట్టుకొలతల తేడా, నీటిపైన అంచు ఎత్తు, తెరచాప వైశాల్యం ఒక సూత్రంలో వేస్తే వచ్చే జవాబు 2.4 దాటకూడదు. ఈ తరహా లెక్క 1907 నాటిది. ఇదే పద్ధతిలో కట్టిన పెద్ద పడవలే 12 మీటర్ పడవలు. ఇరవై మీటర్ల పొడవు, పదకొండు మంది సిబ్బంది. 1958 నుంచి 1987 దాకా అమెరికాస్ కప్ పోటీలు వాటితోనే జరిగాయి. 132 ఏళ్లుగా అమెరికా చేతిలో ఉన్న ఆ కప్పును 1983లో ఆస్ట్రేలియా పడవ గెలుచుకుపోయింది కూడా అలాంటి పందెంలోనే. ఆ రాచపడవలను ఒక్క మనిషి నడిపేంత చిన్నవిగా చేసుకోవాలన్న ముచ్చట 1980ల తొలిరోజుల్లో స్వీడన్‌లో బలపడింది. పీటర్ నార్లిన్ అనే స్వీడిష్ రూపశిల్పి గీసిన నమూనాయే ఇప్పటికీ ఎక్కువగా వాడుకలో ఉంది. నాదీ అదే.

ఇందులో నడిపేవాడు కదలక్కర్లేదు. మామూలు పందెం పడవల్లో గాలికి పడవ ఒరిగితే మనిషి చటుక్కున అవతలి అంచుకు దూకి బరువు వెయ్యాలి. ఇందులో పొట్ట లోపల, ముందుకు చూస్తూ, గుండెల దాకా దిగి కూర్చుంటాం. బరువు వేసే పని అడుగున రెక్కలా దిగిన సీసపు దిమ్మ చూసుకుంటుంది. పడవ మొత్తం సుమారు 260 కిలోలైతే అందులో దాదాపు 180 కిలోలు ఆ సీసమే. తంజావూరు బొమ్మను ఎటు తోసినా లేచి కూర్చున్నట్టు, పడవ ఎంత ఒరిగినా లేచి నిలబడుతుంది. తెరచాప తాళ్లన్నీ చేతికందే చోటికే వస్తాయి. చుక్కానిని పాదాలతోనైనా తిప్పవచ్చు, చేతికర్రతోనైనా తిప్పవచ్చు. మగా ఆడా, ముసలీ పడుచూ, కాళ్లున్నవారూ లేనివారూ ఒకే గీత దగ్గర బయల్దేరతారు.

అందుకే 2000లో సిడ్నీ నుంచి 2016లో రియో దాకా పారాలింపిక్స్‌లో ఈ పడవకు చోటుంది. సిడ్నీలో స్వర్ణం గెలిచిన జర్మన్ హైకో క్రోగర్‌కు పుట్టుకతోనే ఎడమ ముంజేయి లేదు. 2012 లండన్‌లో మగవాళ్లందరినీ దాటి హెలెనా లూకస్ స్వర్ణం అందుకుంది. ఫ్రాన్స్‌కు చెందిన డామియన్ సెగ్విన్ పుట్టుకతో ఎడమ చెయ్యి లేనివాడు. 2004లోనూ 2016లోనూ ఈ పడవలో స్వర్ణాలు గెలిచి, ఆ తర్వాత పెద్ద పడవలో ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా భూమిని చుట్టొచ్చాడు. టోక్యో పారాలింపిక్స్ నుంచి తెరచాప పోటీలనే తీసేశారు. ఆ నిర్ణయం నాకు ఇప్పటికీ బాధే.

నేను కొన్న పడవ ఒక షెడ్డులో టార్పాలిన్ కింద చాలా ఏళ్లు పడివుంది. సీసపు దిమ్మ పొట్టకు అతికేచోట వెంట్రుకంత పగులు. పైతట్టు మీద బొటనవేలితో నొక్కితే నానిన అట్టలా మెత్తగా దిగేది. తాళ్లు పాచిపట్టి గట్టిపడ్డాయి. అక్టోబరులో ఇక్కడ పడవలన్నీ గట్టెక్కుతాయి, మళ్లీ నీళ్లలో దిగేది మే నెలలోనే. ఆ చలికాలమంతా నాకు షెడ్డే ఇల్లు. నేనూ పక్కవాళ్లూ కలిసి చైన్ పుల్లీతో పడవనెత్తి, బోల్టులు విప్పి సీసపు దిమ్మను దించాం. పగులు వెంబడి గీరి, మూడు వారాలు ఆరబెట్టాం. చలిలో ఎపాక్సీ గట్టిపడదు కాబట్టి రాత్రంతా హీటరు పెట్టి, గాజునార పొర మీద పొర వేసి, లప్పం పట్టించాం. తర్వాత ఉప్పుకాగితంతో నీళ్లు చల్లుకుంటూ రుద్దుడు. ఎత్తుపల్లాలు కంటికి దొరకవు. కళ్లు మూసుకుని అరచెయ్యి నిమిరితేనే దొరుకుతాయి. మా ఊరి జూట్ మిల్లులో పనిచేసిన నాన్న కూడా నార నాణ్యం అలాగే చెప్పేవాడు, చూపుతో కాదు, వేళ్లతో. పాదాలతో తొక్కే పెడళ్లు విప్పేసి, వాటి తీగలను చేతికర్రకు కలుపుకున్నాను. అది బిగించిన రాత్రి దాన్ని కుడికీ ఎడమకూ ఎన్నిసార్లు తిప్పి ఉంటానో లెక్కలేదు. వెనక చుక్కాని మాట విని తిరుగుతుంటే చాలాసేపు అక్కణ్ణుంచి లేవలేదు.

ఆ మే నెలకే అమ్మ పోయి ఏడాదైంది. నాన్నను ఇక్కడికి తీసుకొచ్చాను. పడవను నీళ్లలో దించే ముందురోజు, ఒడ్డుకు కట్టే తాడు కొనకు నేను వేసిన ముడి చూసి మొహం చిట్లించాడు.

"ముడేత్తే తాడు సగం సచ్చిపోద్దిరా" అని ఆ కొనను ఒళ్లో పెట్టుకున్నాడు. మూడు పేటలూ పురి విప్పాడు. తాడును వెనక్కి మడిచి, ఒక్కో పేటనూ తాడు లోపలికే, ఒకటి కిందనుంచి ఒకటి పైనుంచి దూర్చుకుంటూ పోయాడు. పేట దూర్చిన ప్రతిసారీ బొటనవేలితో అదిమి, కొంచెం వెనక్కి తిప్పి పురి బిగించాడు. పావుగంటలో ముడి లేని ఉచ్చు తయారైంది. నేనూ పక్కవాళ్లూ కలిసి లాగినా జానెడు కదల్లేదు.

"ఇది నైలాన్ నాన్నా" అన్నాను.

"నార మారింది గానీ పురి మారలేదు" అన్నాడు.

మా ప్రాంతపు గోగునార ఒకప్పుడు భీమిలి రేవు నుంచి ఓడలెక్కేది. ప్రపంచపు సంతలో దానికి 'బిమ్లీ జూట్' అని ఆ రేవు పేరే. అదే తీరం నుంచి మనవాళ్లు వేలమంది రంగూన్ వెళ్లి రేవుల్లో, మిల్లుల్లో పనిచేశారు. అక్కడ తెలుగువాళ్లను కోరంగి రేవు పేరుతో కోరంగీలనే పిలిచేవారు. నీళ్లు మనకు పరాయివి ఎప్పుడూ కావు. రైలు వచ్చి, విమానం వచ్చి, మధ్యలో మనమే గట్టెక్కి కూర్చున్నాం.

మర్నాడు పొద్దున్న గాలి ఎదురుగా వీస్తోంది. తెరచాప పడవ గాలికి సూటిగా ఎదురెళ్లలేదు. ఏటవాలుగా ఇటు కొంతదూరం, తిరిగి అటు కొంతదూరం, అలా అల్లుకుంటూ గాలి వస్తున్న వైపుకే చేరుతుంది. మొదటి మలుపులో పడవ బాగా ఒరిగింది. నీళ్లు నా భుజం పక్కనుంచి పరిగెత్తాయి. అడుగున సీసం తన పని తాను చేసింది. తిరిగి చూస్తే నాన్న గట్టుమీద కూర్చున్నాడు, నా చంకకర్రలు రెండూ ఒళ్లో పెట్టుకుని.

ఈ సంగతంతా నా సంబరం కోసం రాయలేదు. 2011 జనవరి తర్వాత మన దేశంలో పిల్లలకు సహజ పోలియో సోకలేదు. అది గొప్ప విజయం. కానీ వేరే జబ్బులతో, రోడ్డు ప్రమాదాలతో కాళ్లు పోయిన పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. విజయనగరానికి దగ్గర్లోనే తాటిపూడి జలాశయం ఉంది. హైదరాబాద్ హుస్సేన్‌సాగర్‌లో పేదింటి పిల్లలకు తెరచాప పడవలు నేర్పి జాతీయ పోటీలకు పంపుతున్నారు. విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య నౌకాదళం వారి తారిణి పడవలో 2017 సెప్టెంబరులో బయల్దేరి, మరో నలుగురు సహచరులతో 254 రోజుల్లో భూమిని చుట్టొచ్చారు. నీళ్లున్నాయి, నేర్పేవాళ్లున్నారు. వాళ్లు నేర్పేచోట కదలకుండా కూర్చుని నడిపే పడవ ఒక్కటైనా ఉంచితే చాలు. కొత్తదే అక్కర్లేదు. పగిలినది తెచ్చినా బాగుచేసుకునే చేతులు మన ఊళ్లలో ఉన్నాయి.

మీ వీధిలో చొక్కాలకు కాపలా కూర్చున్న పిల్లాడో పిల్లో ఉంటే, నీళ్లు నీకెందుకని అనకండి. ఏ పడవలో చోటుందో వెతకండి.