మంద్రధ్వనికి చోటు

మంద్రధ్వనికి చోటుతో పేచీ ఎక్కువ. సెకనుకు 50 కంపనాలు గల శబ్దతరంగం పొడవు సుమారు 7 మీటర్లు; మామూలు కారు మొత్తం పొడవు కూడా అంత ఉండదు. అంతటి తరంగం ఏ దిక్కునుంచి వచ్చిందో చెవి పసిగట్టలేదు. అయితే సబ్‌వూఫర్ పెట్టెనుంచి నేరుగా వచ్చే తరంగమూ, డిక్కీ తలుపును తాకి మరలివచ్చే తరంగమూ ఒకదానికొకటి ఎదురైతే రెండూ క్షీణిస్తాయి. అడుగు కలిస్తే బలపడతాయి. సెడాన్ కార్లలో తరచు పెట్టెను డిక్కీ చివరకు చేర్చి, ముఖం వెనుకకు తిప్పడం అందుకే.

డెబ్బయ్యేళ్ళ తండ్రికోసం ఒక కుమారుడు ఈ ప్రయత్నమే చేశాడు. వార్ధక్యం మొదట తారస్వరాలను హరిస్తుంది. మంద్రాన్ని చాలాకాలం మిగులుస్తుంది. గాయకుని హల్లులు అందని ఆ వృద్ధునికి మృదంగపు గుంకారమే పాటకు ఆనవాలు. కుమారుడు మొదట శబ్దం పెంచాడు. నంబరు పలక గలగలలాడిందే తప్ప పాట తేటపడలేదు. అప్పుడు తండ్రిని ముందు సీటులో కూర్చోబెట్టి, తెలిసిన కీర్తననే మళ్ళీ మళ్ళీ వినిపిస్తూ, పెట్టెను జానెడు చొప్పున జరిపాడు. నాలుగోసారి తండ్రి చేయి తొడమీద తాళం వేసింది. "అక్కడే ఉంచు నాయనా" అన్నాడు.

వారానికి 40 గంటలు వినేవారికి 80 డెసిబెల్స్ హద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. తగిన చోటు దొరికిన ధ్వనికి ఆ హద్దు దాటవలసిన అగత్యం లేదు. మిగిలిన వినికిడికి అదే రక్ష.